స్నూకర్ బల్ల దగ్గర నా ఓటు కళ్ళజోడుకే

కళ్ళజోడు పెట్టుకుని స్నూకర్ పార్లర్‌కి వరసగా కొన్నాళ్ళు వెళ్తే చాలు, పక్క టేబుల్ నుంచి ఒక సలహా వచ్చి తీరుతుంది. "ఆ కళ్ళజోడు తీసేసి లెన్సులు పెట్టుకోండి అన్నా, ఆటే మారిపోతుంది." చెప్పేవాళ్ళు మన మంచి కోరే చెబుతారు. అందులో సగం నిజం కూడా ఉంది. రోజూ పెట్టుకునే కళ్ళజోడుతో స్నూకర్ ఆడటం నిజంగానే కష్టం. ఆ కష్టానికి మందు కాంటాక్ట్ లెన్సులే అంటే మాత్రం నేను ఒప్పుకోను. నలభై దాటినవాళ్ళకీ, సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని దిశల్లో ఒకేలా లేనప్పుడు ఇచ్చే పవర్) ఉన్నవాళ్ళకీ, ఆఫీసు అయ్యాక వారానికి రెండు మూడు సాయంత్రాలు ఆడుకునేవాళ్ళకీ ఈ ఆట కోసమని విడిగా చేయించుకున్న కళ్ళజోడే మేలు. పార్లర్లలో నాకు కనిపించే సైటు ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఈ మూడింట్లో ఏదో ఒక దాంట్లోకి వస్తారు.

ముందు కష్టం ఎక్కడుందో చూద్దాం. క్రికెట్‌లోనో షటిల్‌లోనో తల నిటారుగా ఉంటుంది. కళ్ళు అద్దం మధ్యలోంచే చూస్తాయి. స్నూకర్‌లో నడుము దగ్గర వంగి గడ్డం క్యూకి, అంటే బంతిని కొట్టే కర్రకి, ఆనిస్తాం. ముఖం బల్ల వైపుకి దిగుతుంది, చూపు మాత్రం పన్నెండడుగుల బల్ల అవతలి చివర దాకా వెళ్ళాలి. అంటే కళ్ళు కనుబొమ్మల వైపుకి తిరిగి అద్దం పై భాగంలోంచి చూడాలి. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికే సన్నపాటి ఫ్రేముల్లో ఆ పై భాగం అసలు ఉండదు.

బల్ల ఇవతలి చివరనుండే బాల్క్ లైను దగ్గర నుంచి, అవతలి చివర స్పాట్ మీదున్న బ్లాక్‌ని (నల్ల బంతిని) గురి చూస్తున్నారనుకోండి. ఫ్రేము పై అంచు సరిగ్గా ఆ బంతి నడుము మీద అడ్డంగా పడుతుంది. అంచు పైనుంచి చూస్తే మసక. అంచు కిందనుంచి చూస్తే బంతి సగమే. మనకి తెలియకుండానే తల కొంచెం లేస్తుంది, గడ్డం క్యూని వదిలేస్తుంది, దాంతో భుజం కూడా కదులుతుంది. ఈలోగా చెమటకి కళ్ళజోడు ముక్కు మీద నుంచి జారుతుంది. లేచి, వేలితో పైకి తోసుకుని, మళ్ళీ వంగాలి. చూసేవాళ్ళు "షాట్‌లో తల కదులుతోంది" అంటారు. వాళ్ళు చూసింది నిజమే, కారణం మాత్రం ముక్కు మీద ఉంది.

అంచు సంగతి అందరికీ తెలిసిందే. తెలియని సంగతి ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. ప్రతి అద్దానికీ ఒక కేంద్రం ఉంటుంది. అందులోంచి చూస్తే వస్తువు ఉన్నచోటే కనిపిస్తుంది. కేంద్రానికి దూరంగా, పైనుంచో పక్కనుంచో చూస్తే అద్దం పట్టకంలా పనిచేసి వస్తువుని కొంచెం జరిపి చూపిస్తుంది. ఎంత జరుపుతుందో లెక్క సులువే. కేంద్రం నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలోంచి చూస్తున్నామో దాన్ని పవర్‌తో గుణిస్తే, మీటరు దూరంలో ఉన్న వస్తువు ఎన్ని సెంటీమీటర్లు జరిగి కనిపిస్తుందో వస్తుంది. నా కుడి కంటికి మైనస్ 3.5, ఎడమ కంటికి మైనస్ 2. షాట్‌కి వంగినప్పుడు కేంద్రానికి 12 మిల్లీమీటర్ల పైనుంచి చూస్తాననుకుంటే, మీటరు దూరంలో కుడి కంటికి 4.2 సెంటీమీటర్ల జరుగుడు, ఎడమ కంటికి 2.4. రెండు కళ్ళూ ఒకే బంతిని వేరువేరు ఎత్తుల్లో చూస్తున్నాయన్నమాట. అడ్డంగా వచ్చే తేడాని కళ్ళు చాలావరకు కలిపేసుకుంటాయి. పైకీ కిందకీ వచ్చే తేడాని కలుపుకునే శక్తి వాటికి చాలా తక్కువ. గంట ఆడేసరికి నుదురు బరువెక్కడం, లాంగ్ పాట్‌లో (దూరం నుంచి బంతిని పాకెట్‌లో వేసే షాట్‌లో) బంతి అంచు రెండుగా అనిపించడం, కాసేపు ఒక కన్ను మూసి చూడాలనిపించడం ఇందువల్లే.

పైగా మనం బంతిని ఎప్పుడూ తిన్నగా ఎదురుగా పెట్టుకుని చూడం. ఆధిపత్యం ఉన్న కన్ను (గురికి ఎక్కువగా ఆధారపడే కన్ను) క్యూ మీదకి వచ్చేలా ముఖం కొంచెం పక్కకి తిప్పుతాం. జో డేవిస్ 1927 నుంచి 1946 దాకా 15 సార్లు ప్రపంచ ఛాంపియన్. ఆయన కుడి కన్ను బలహీనం కావడంతో క్యూని ఎడమ కంటి కిందుగా నడిపేవాడు. అలా ముఖం తిప్పి ఆడేటప్పుడు చూపు అద్దం పై మూలలోంచి పోతుంది. అప్పుడు జరుగుడు పైకే కాకుండా పక్కకి కూడా ఉంటుంది. తెల్ల బంతిని చూసేటప్పుడు ఒక చోటు, ఎర్ర బంతిని చూసేటప్పుడు ఇంకో చోటు, రెండు చోట్లా జరుగుడు వేరు. స్నూకర్ బంతి వెడల్పు 52.5 మిల్లీమీటర్లు. దాదాపు తిన్నగా ఉన్న షాట్‌లో తెల్ల బంతి అనుకున్న చోటుకి ఒక్క మిల్లీమీటరు పక్కన తగిలితే ఎర్ర బంతి దారి సుమారు ఒక డిగ్రీ మారుతుంది. రెండు మీటర్లు వెళ్ళేసరికి అది దాదాపు 4 సెంటీమీటర్లు. పాకెట్ దవడకి, అంటే కన్నం అంచుకి, కొట్టుకుని బంతి వెనక్కి రావడానికి అది చాలు.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు "అందుకే కదా లెన్సులు పెట్టుకోమనేది" అంటారు. న్యాయమైన ప్రశ్నే. లెన్సు కంటితోపాటే తిరుగుతుంది, కాబట్టి ఎటు చూసినా దాదాపు కేంద్రంలోంచే చూస్తున్నట్టు. అంచు ఉండదు, జారదు, లైటు వెలుగు వెనక నుంచి అద్దంలో మెరవదు. మైనస్ పవర్ అద్దంలో బంతులు కొంచెం చిన్నవిగా కనిపిస్తాయి, లెన్సులో ఆ బాధ కూడా తగ్గుతుంది. ఇవన్నీ నిజాలు. మామూలు కళ్ళజోడుకీ లెన్సుకీ పోటీ పెడితే లెన్సు గెలుస్తుంది. నా వాదనంతా ఆ పోటీయే తప్పని. లెన్సు పక్కన పెట్టి చూడాల్సింది ఆట కోసం చేసిన కళ్ళజోడుని.

అలాంటిది ఒకటుందని లోకానికి చూపించినవాడు డెనిస్ టేలర్ అనే స్నూకర్ ఆటగాడు. 1985 ఏప్రిల్‌లో షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. ఎదురుగా స్టీవ్ డేవిస్, ఆ రోజుల్లో ఆయన్ని ఓడించడం అంటే మాటలు కాదు. టేలర్ మొదటి ఎనిమిది గేములూ ఓడిపోయి 0-8తో మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి ఒక్కొక్కటిగా లాక్కొచ్చి 17-17 చేశాడు. ఆఖరి గేము 68 నిమిషాలు సాగింది. నాలుగు రంగు బంతులు మిగిలి ఉండగా డేవిస్ 62-44తో ముందున్నాడు. టేలర్ బ్రౌన్, బ్లూ, పింక్ వరసగా వేసి 62-59కి తెచ్చాడు. ఇక బ్లాక్ ఒక్కటే. ఇద్దరూ తడబడ్డారు, డేవిస్‌కి పల్చటి కట్ (బంతి అంచుకి మాత్రమే తగిలించి వేసే షాట్) దొరికింది, తప్పింది. టేలర్ వేశాడు. మ్యాచ్ మొత్తంలో అతను మొదటిసారి ముందుకి వచ్చింది ఆ బంతితోనే. అర్ధరాత్రి దాటాక కూడా బ్రిటన్‌లో కోటీ 85 లక్షల మంది టీవీల ముందు కూర్చుని చూశారు. వాళ్ళందరికీ గుర్తుండిపోయింది తలమీదకి ఎత్తిన ఆ క్యూ, ముఖం మీద తలకిందులుగా తగిలించినట్టున్న ఆ పెద్ద కళ్ళజోడు.

ఆ కళ్ళజోడు మీద అప్పట్లో చాలా హాస్యాలు నడిచాయి. నాకైతే అది స్నూకర్ చరిత్రలో వచ్చిన గొప్ప పనిముట్లలో ఒకటి. 1983లో దాన్ని తయారుచేసి ఇచ్చినవాడు జాక్ కార్నెమ్. ఆయన టీవీ వ్యాఖ్యాత, 1969లో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ ఛాంపియన్. ఆ ఏడాది రెండో స్థానంలో నిలిచింది మన మైకేల్ ఫెరీరా. షాట్‌కి వంగినవాడి కన్ను ఎక్కడ నుంచి చూస్తుందో కార్నెమ్‌కి ఆటగాడిగా అనుభవం. అందుకే అద్దాలు కనుబొమ్మలు దాటి పైకి వచ్చేలా పెద్దవిగా పెట్టాడు. చెవి కాడలు కిందుగా తగిలించాడు. తల వంచినప్పుడు చూపుకి అద్దం తిన్నగా ఎదురయ్యేలా దాని వాలు మార్చాడు. ఈ ఆలోచన ఆయన కంటే పాతదే. జో డేవిస్ తమ్ముడు ఫ్రెడ్ డేవిస్ 1937 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో బిల్ విదర్స్ చేతిలో ఓడిపోయాక తన చూపు తగ్గిందని ఒప్పుకుని, వంగినప్పుడు వాలు మార్చుకునే కీళ్ళున్న కళ్ళజోడు చేయించుకున్నాడు. ఆ తరవాత 1948లో, 1949లో, 1951లో ప్రపంచ టైటిళ్ళు గెలిచాడు.

ఇక లెన్సుల వైపు ఇబ్బందులు.

సిలిండర్ పవర్ ఉన్నవాళ్ళకి టోరిక్ లెన్సులు ఇస్తారు. అవి కంటి మీద ఒక దిశలోనే నిలబడాలి. రెప్పల ఒత్తిడితో అవి ఆ దిశలో కుదురుకుంటాయి. తల వంచి కళ్ళు పైకి తిప్పి గురి చూస్తున్నప్పుడు ఆ ఒత్తిడి మారుతుంది, లెన్సు కొంచెం తిరగొచ్చు. పది డిగ్రీలు తిరిగితే సిలిండర్ దిద్దుబాటులో మూడో వంతు పోయినట్టే. రెప్ప వేస్తే మళ్ళీ కుదురుకుంటుంది, నిజమే. కానీ గురి చూసేటప్పుడు రెప్ప వెయ్యం కదా! అదే రెండో ఇబ్బంది కూడా. మనసు పెట్టి చూసేటప్పుడు రెప్పలు కొట్టడం బాగా తగ్గిపోతుంది. పార్లర్‌లో ఏసీ తిన్నగా ముఖానికి కొడుతుంటుంది. మెత్తటి లెన్సు ఆరిపోతుంది, బంతి అంచు పలచబడుతుంది, రెప్ప వేసి మళ్ళీ గురి సర్దుకోవాలి. ఆఫీసులో పొద్దుణ్ణుంచీ కంప్యూటర్ ముందు అవే లెన్సులతో కూర్చుని సాయంత్రం ఎనిమిదింటికి బల్ల దగ్గరికి వచ్చేవాడికి ఇది ఇంకా ఎక్కువ.

నాకు అన్నిటికంటే భయం వేసేది చేతులు. మన పార్లర్లలో పార్లర్‌ వాళ్ళు ఉంచే క్యూలు చాలామంది చేతులు మారేవి. వేళ్ళకి ఎప్పుడూ నీలం చాక్ పొడి. మధ్యలో మిర్చి బజ్జీ. లెన్సు కంట్లో గుచ్చుకుంటే ఏం చేస్తారో నేను కళ్ళారా చూశాను. వాష్‌బేసిన్ దగ్గర ఒక కుర్రాడు లెన్సు తీసి, కుళాయి నీళ్ళ కింద పెట్టి, చాక్ అంటిన వేలితోనే తిరిగి కంట్లో పెట్టుకున్నాడు. సబ్బు ఉంది, అటు చూడలేదు. "బాబూ, ఆ నీళ్ళు వద్దు, తీసి పారెయ్" అంటే "ఏం కాదంకుల్, ఎప్పుడూ ఇంతే" అన్నాడు. కుళాయి నీళ్ళలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. లెన్సు కింద చేరితే అది నల్లగుడ్డు మీద పుండు చేస్తుంది, వైద్యం నెలల తరబడి సాగుతుంది, చూపు పోయే ప్రమాదం ఉంది. బ్యాక్టీరియా వల్ల వచ్చే పుండ్లు ఇంకా తొందరగా ముదురుతాయి. ఎర్రబడిన కన్ను, నొప్పి, వెలుగు చూడలేకపోవడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా లెన్సు తీసి అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మందుల షాపులో చుక్కలు కొనుక్కుని ఊరుకోకూడదు. ఒక ఆట కోసం కంటిని పణంగా పెట్టడం నాకు బొత్తిగా నచ్చదు.

వయసు సంగతి కూడా చూడాలి. కంటి నుంచి తెల్ల బంతి సుమారు మీటరు దూరం, ఎర్ర బంతి రెండు మూడు మీటర్లు. గురి చూసేటప్పుడు చూపు ఈ రెండింటి మధ్యా అటూ ఇటూ పరిగెడుతుంది. యాభై దాటుతున్నకొద్దీ దూరానికి సరిపడా పవరున్న లెన్సుతో క్యూ కొసా తెల్ల బంతీ మెత్తబడి కనిపిస్తాయి. మల్టీఫోకల్ లెన్సులు దగ్గరా దూరం రెండూ ఒకేసారి చూపిస్తాయి గాని, బంతి అంచుకి నీడలాంటిది తగులుతుంది. ఒక కంటికి దూరం, ఒక కంటికి దగ్గర అని పెట్టే పద్ధతిలో లోతు అంచనా దెబ్బతింటుంది. స్నూకర్‌కి అది అసలు పనికిరాదు. కళ్ళజోడులో అయితే బల్ల కొలతకి తగ్గట్టు పవర్ ఒక మెట్టు సర్దించుకోవచ్చు. మార్క్ విలియమ్స్ 2025లో యాభయ్యో ఏట క్రూసిబుల్ ఫైనల్‌కి చేరాడు, అంత వయసులో అక్కడ ఫైనల్ ఆడినవాళ్ళు లేరు. జావ్ షిన్‌టాంగ్ చేతిలో 12-18తో ఓడాడు. చూపు తగ్గిపోవడం గురించి ఆయన దాచుకోకుండా చెబుతూనే వచ్చాడు. అంతటివాడికే తప్పలేదు, మనకెలా తప్పుతుంది?

(రంగులు గుర్తుపట్టలేని సమస్య వేరు. పీటర్ ఎబ్డన్, మార్క్ అలెన్ ఇద్దరికీ అది ఉంది. దానికి ఈ రెండింట్లో ఏదీ మందు కాదు, రిఫరీని అడగడమే.)

"మరి ప్రొఫెషనల్స్‌లో కళ్ళజోడు వాళ్ళు ఎంతమంది?" అని అడుగుతారు. 2016లో హైదరాబాద్‌లో ఇండియన్ ఓపెన్ జరిగింది, ఆంథొనీ మెక్‌గిల్ గెలిచాడు. 2017లో మా విశాఖలోనే జరిగింది, జాన్ హిగిన్స్ గెలిచాడు. ఆ స్థాయిలో కళ్ళజోడు ముఖాలు తక్కువే, ఒప్పుకుంటాను. మార్టిన్ గౌల్డ్ లాంటివాళ్ళు ఉన్నారు గాని అరుదు. చిన్నప్పటి నుంచి చూపు బాగున్నవాళ్ళే ఎక్కువగా ఆ మెట్టు దాకా ఎక్కుతారు కాబట్టి ఆ లెక్క మన గురించి ఏమీ చెప్పదు. మనం పగలంతా పనిచేసి సాయంత్రం ఆడుకునేవాళ్ళం, మన కళ్ళు వేరు, మన రోజులు వేరు.

ఇక చేయించుకోవడం ఎలా అన్నది. నేను మా ఊళ్ళో ఒక కళ్ళజోళ్ళ దుకాణానికి క్యూ పట్టుకునే వెళ్ళాను. పాత స్టాకులో పెద్ద ఏవియేటర్ ఫ్రేము ఒకటి తీయించాను. ముక్కు మీద ఆనే ప్యాడ్‌లు వైరు మీద ఉండి వంచడానికి వీలుండాలి, అది ముఖ్యం. రెండు ప్యాడ్‌లనీ దగ్గరికి వంచితే ఫ్రేము పైకి లేస్తుంది. తరవాత కౌంటర్ మీదకి వంగి షాట్ ఆడే భంగిమలో నిలబడ్డాను. దుకాణం వెనక గోడ మీదున్న క్యాలెండర్‌లో ఒక అంకెని గురి చూస్తున్నాను. "అలాగే ఉండండి సార్, కదలకండి" అని ఆయన కౌంటర్ అవతల గొంతుక్కూర్చుని, నా నల్లగుడ్డుకి ఎదురుగా డమ్మీ అద్దం మీద మార్కర్‌తో చుక్క పెట్టాడు. ఒక కంటికీ, తరవాత రెండో కంటికీ. లేచి అద్దంలో చూసుకుంటే ఆ చుక్కలు నా కనుబొమ్మల దగ్గరున్నాయి. కుడి చుక్క ముక్కు వైపుకి కొంచెం జరిగి ఉంది, ముఖం తిప్పి ఆడతాను కాబట్టి. "ముప్పై ఏళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నానండీ, ఇక్కడ సెంటర్ పెట్టమన్నవాళ్ళు లేరు" అన్నాడాయన. అద్దం కేంద్రం ఆ చుక్క మీదకే రావాలని రాయించుకున్నాను. కేంద్రం అంత పైకి జరగాలంటే పెద్ద బ్లాంక్ (కోయని అద్దం బిళ్ళ) కావాలి, ల్యాబ్ నుంచి రావడానికి టైమ్ పడుతుందన్నాడు. పట్టింది. ఆగదగ్గ పనే.

అద్దం రకం గురించి ఒక మాట. దుకాణాల్లో పలచటి హై ఇండెక్స్, పగలని పాలీకార్బొనేట్ చూపిస్తారు. కేంద్రం దాటి చూసినప్పుడు ఈ రెండింట్లోనూ బంతి అంచుకి రంగు గీతలు ఎక్కువ కనిపిస్తాయి. మరీ పెద్ద పవర్ కాకపోతే మామూలు సీఆర్-39 ప్లాస్టిక్ ఈ విషయంలో వాటికంటే శుభ్రంగా ఉంటుంది, ధరా తక్కువే. దానిమీద యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ మాత్రం తప్పక వేయించండి, లేకపోతే బల్ల మీది లైట్లు అద్దంలో మెరుస్తాయి. ప్రోగ్రెసివ్ అద్దాలు (పై నుంచి కిందకి పవర్ మారుతూ పోయేవి) ఈ జతకి వద్దు. ఇంకోటి, ఈ కళ్ళజోడు బల్ల దగ్గరే. దీని కేంద్రం పైన ఉంది కాబట్టి కిందికి చూస్తే నేల ఉన్నచోట కనిపించదు. మెట్లు దిగొద్దు, బండి నడపొద్దు.

లెన్సులు ఎవరికి? ముప్పై లోపు వయసు, సిలిండర్ లేని పవర్, కళ్ళు ఆరిపోయే బాధ లేదు, చేతులు సబ్బుతో కడిగి తుడుచుకునే అలవాటు ఉంది, ఇవన్నీ కుదిరితే హాయిగా పెట్టుకోండి. అయితే ఏ రోజుకారోజు పారేసే డైలీ లెన్సులే తీసుకోండి. కొత్త జత వేసుకుని ఆడి, ఇంటికి వెళ్ళగానే తీసి పారేయండి, పెట్టుకుని నిద్రపోవద్దు. కళ్ళజోడు చీటీ మీది పవర్‌తో ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టొద్దు. కళ్ళజోడు మైనస్ 6 అయితే లెన్సు సుమారు మైనస్ 5.6కి దిగుతుంది, పైగా కంటి వంపు కొలవాలి. కెరటోకోనస్ (నల్లగుడ్డు మీది పొర పలచబడి శంకువులా ఉబ్బే జబ్బు) ఉన్నవాళ్ళ సంగతి పూర్తిగా వేరు. ఆ జబ్బు ముదిరితే కళ్ళజోడు పవర్ ఏం పెట్టినా చూపు తేరుకోదు, వాళ్ళకి ప్రత్యేకమైన గట్టి లెన్సులే దారి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ లాంటి పెద్ద కంటి ఆసుపత్రుల్లో వాటికి విడిగా విభాగాలుంటాయి, అక్కడే పెట్టించుకోవాలి.

మిగతావాళ్ళు ముందు కళ్ళు పరీక్ష చేయించుకోండి. సిలిండర్ ఎంతుందో, రెండు కళ్ళ పవర్‌కీ తేడా ఎంతుందో చీటీ మీద చూసుకోండి. తరవాత ఇంట్లో పాత పెద్ద ఫ్రేము ఉంటే ఇప్పటి పవర్ అద్దాలు వేయించి, ప్యాడ్‌లు దగ్గరికి వంచి, దాంతో ఆడి చూడండి. దానికే తేడా తెలుస్తుంది. తెలిశాక కేంద్రం పైకి జరిపించిన జత చేయించుకోండి. కొత్త అద్దానికి కళ్ళు అలవాటు పడటానికి కాస్త టైమ్ ఇవ్వండి. అది కూడా కుదరకపోతే, అప్పుడు డాక్టర్ దగ్గర కూర్చుని లెన్సుల గురించి అడగండి.